మన నీళ్ళు

ఆమెకు బడిలో రాయించిన పేరొకటి ఉంది. దాన్ని గుర్తుపెట్టుకున్నవాళ్ళు ఇప్పుడు తక్కువ. వీధిలో వాళ్ళకీ, చెప్పుల షాపులో వాళ్ళకీ, చివరికి చుట్టాలకీ ఆమె 'తుప్పు'. మొహాన పిలిచేవాళ్ళు కొందరు, వెనకాల అనుకునేవాళ్ళు కొందరు, అంతే తేడా. పలకడం మానేస్తే పిలవడం మానేస్తారేమోనని చిన్నప్పుడు కొన్నాళ్ళు చూసింది. వాళ్ళు మానలేదు. ఆమే పలకడం మొదలుపెట్టింది.

ఆ పేరు పళ్ళ వల్ల వచ్చింది. పళ్ళు అలా అవడం నీళ్ళ వల్ల. ఆ నీళ్ళు ఇంట్లోకి ఎలా వచ్చాయో చెప్పాలంటే ముందు ఇద్దరు అన్నదమ్ముల సంగతి చెప్పాలి.

పెద్దాయనకు పిండిమర ఉండేది. చిన్నాయన బస్సు డ్రైవరు, తుప్పుకు నాన్న. తండ్రి పోయాక ఇద్దరూ ఉన్న ఇంటికి మధ్యలో గోడ పెట్టుకుని పంచుకున్నారు. ముసలాయన తవ్వించిన బావి పెద్దాయన వాటాలో పడింది. పెరటి గోడలో చిన్న తలుపు వదిలారు కాబట్టి చాలాకాలం పేచీ రాలేదు. పొద్దున్నే తోటికోడళ్ళిద్దరూ బావి దగ్గర చేరి, బిందెలు నింపుకుంటూ, మొగుళ్ళను ఆడిపోసుకుంటూ, కాసేపు నవ్వుకుని ఎవరి వంటింట్లోకి వాళ్ళు పోయేవాళ్ళు. ఆ నీళ్ళు తియ్యగా ఉండేవి. సబ్బు కాస్త రుద్దితే చాలు, చేతులనిండా నురగ.

ఒక వానాకాలం బావిలో పిల్లి పడి చచ్చింది. నీళ్ళన్నీ తోడి పోయించి, పెద్దాయన బావి మీద ఇనప జల్లెడ బిగించి తాళం వేశాడు. డ్యూటీ దిగి వచ్చిన చిన్నాయన, కాళ్ళు కడుక్కుందామని చేద పట్టుకుని వెళ్ళి ఆ తాళం చూశాడు.

"ఇదేంటన్నయ్యా?"

"పిల్లలు అంచెక్కి తొంగి చూస్తున్నార్రా. ఇవాళ పిల్లి పడింది, రేపు పిల్ల పడుతుంది."

"మరి తాళంచెవి?"

"ఇంట్లో ఉంటుంది. కావాల్సినప్పుడు అడుగు, ఇస్తాను."

"నేను అడగాలా?"

"అడిగితే నీ నోరేమన్నా అరిగిపోతుందా?"

పెద్దాయన మామూలుగానే అన్నాడు. ఆ పూట మర బెల్టు తెగి చిరాకులో ఉన్నాడేమో, గొంతు కాస్త గట్టిగా వచ్చింది. చిన్నాయన ఆ రోజంతా ప్రయాణికులతో మాటలు పడి వచ్చాడు. చేదను అక్కడే విసిరికొట్టాడు.

"మా నాన్న తవ్వించిన బావిలో నీళ్ళకి నీ గుమ్మంలో నిలబడి అడుక్కోవాలా? నీ బావి నీళ్ళు చుక్క నా ఇంట్లోకి వస్తే నేను మా నాన్నకి పుట్టలేదు!"

మర్నాడు సెలవు పెట్టి గోడలోని తలుపును తనే ఇటుకలతో పూడ్చేశాడు. పెద్దాయన అవతలి వైపు నుంచి చూస్తూ, "కట్టుకో, కట్టుకో. నాలుగు రోజులైతే నువ్వే పగలగొట్టుకుంటావు" అన్నాడు. అన్న నాలుగు రోజులు చూశాడు. తమ్ముడు కూడా చూశాడు, అన్న వచ్చి తాళంచెవి చేతిలో పెడతాడేమోనని. ఇద్దరిదీ ఒకే రక్తం. ఎవరూ కదల్లేదు.

ఆ నెలలోనే చిన్నాయన తన పెరట్లో బోరు వేయించాడు. యంత్రం రోజంతా భూమిని తొలిచింది. ముందు తెల్ల దుమ్ము, తర్వాత బూడిదరంగు బురద, ఆఖరికి నీళ్ళు ఎగజిమ్మాయి. చూడవచ్చిన జనం చప్పట్లు కొట్టారు. డ్రైవరు యూనిఫారంతోనే తడిసి ముద్దయి, గోడ అవతలికి వినపడేలా నవ్వాడు. గాజుగ్లాసు నిండా పట్టి ఎండకు ఎత్తి చూపించాడు.

"చూడండి! అద్దం! నలక లేదు, వాసన లేదు. ఇవీ నీళ్ళంటే!"

నిజంగానే అద్దంలా ఉన్నాయి. కాకపోతే సబ్బు నురగ రాలేదు. నీళ్ళు కాచిన గిన్నెల అడుగున సున్నం వేసినట్టు తెల్లగా పేరుకునేది. టీ మీద నూనె తేలినట్టు సన్నటి తెట్టు కట్టేది.

"నీళ్ళు కాస్త ఉప్పగా ఉన్నాయండీ" అంది ఆయన భార్య, మెల్లిగా.

"బలం అది. నాలిక్కి తగిలితేనే బలం" అన్నాడాయన. ఆమె మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. నెమ్మదైన మనిషి, నోట్లో నాలుక లేనట్టు బతికేది.

అయినా ఒకసారి ధైర్యం చేసింది. తోటికోడలు గోడ మీంచి బావినీళ్ళ బిందె అందిస్తే పుచ్చుకుంది. సాయంత్రం డ్రైవరు టీ గ్లాసు పెదవుల దాకా తీసుకెళ్ళి ఆగాడు.

"ఇవాళ టీ మీద తెట్టు లేదేం?"

ఆయన లేచి వంటింట్లోకి వెళ్ళి, బిందె మూత తీసి, వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. ఆయన చెయ్యి చేసుకునే మనిషి కాదు. అరవలేదు కూడా. బిందె ఎత్తుకుని పెరట్లోకి వచ్చి, గోడ పక్కన నిలబడి, అవతలివాళ్ళకు చప్పుడు వినపడేలా నెమ్మదిగా ఒంపేశాడు. తర్వాత కూతుర్ని పిలిచాడు. అప్పటికి తుప్పుకు ఆ పేరు రాలేదు, పాలపళ్ళు కూడా ఊడలేదు. గుమ్మంలో బొమ్మ పట్టుకుని నిలబడి ఉంది. ఆయన పంపు కొట్టి గ్లాసు నింపాడు.

"తాగు."

తాగింది.

"ఇవి మన నీళ్ళు. ఎవర్నీ అడగక్కర్లేదు. ఇంకోటి తాగు."

రెండోది సగంలో ఉండగా పొట్ట బిగిసి, తాగినవన్నీ బొమ్మ మీదే కక్కుకుంది. ఆయన మూతి తుడిచి మళ్ళీ గ్లాసు నింపాడు. పిల్ల తల్లికేసి చూసింది. తల్లి తలుపు పట్టుకుని నిలబడి ఉంది.

"తాగమ్మా. నాన్న చెప్తున్నారుగా" అంది తల్లి.

పెద్దయ్యాక తుప్పుకు నాన్న అన్న మాటకంటే అమ్మ అన్న ఆ మాటే ఎక్కువ గుర్తుండిపోయింది.

కొత్తపళ్ళు వచ్చేటప్పుడే సుద్దముక్కల్లా, మచ్చలు మచ్చలుగా వచ్చాయి. ఏడాది తిరిగేసరికి మచ్చలు పసుపెక్కాయి, ఆ తర్వాత గోధుమరంగు చారలయ్యాయి. తల్లి ఉప్పుతో తోమింది, బూడిదతో తోమింది, ఒకరోజు ఇటుకపొడితో చిగుళ్ళు నెత్తురు కారేదాకా తోమింది. చార కదల్లేదు. అది పంటి మీద లేదు, పంటిలో ఉంది. "బద్ధకం. సరిగ్గా తోముకుంటే పోదూ?" అని తండ్రి తేల్చేశాడు.

పెదనాన్న కూతురు, తుప్పుకు అక్క, అదే బడిలో ఒక తరగతి పైన చదివేది. బావినీళ్ళు తాగి పెరిగిన పిల్ల, నవ్వితే మొహమంతా వెలిగేది. పెద్దలు మాట్లాడుకోకపోయినా పిల్లలిద్దరూ బడిలో చేతులు పట్టుకుని తిరిగేవాళ్ళు. ఒకరోజు ఆటస్థలంలో పాత ఉయ్యాల ఊచ పట్టుకుని, అరచేతికి అంటిన ఎర్రపొడి చూసి అక్క కిలకిల్లాడింది.

"మా చెల్లి పళ్ళు అచ్చం ఈ ఊచలాగే ఉన్నాయి చూడండే! తుప్పు!"

ఆ పిల్ల మనసులో ఏ కుట్రా లేదు. చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. చెల్లెలు కూడా నవ్వింది, పళ్ళు బయటపెట్టి. దాంతో వాళ్ళు ఇంకా గట్టిగా నవ్వారు. బడి వదిలేవేళకు ఆ మాట తరగతి గదులన్నీ తిరిగి వచ్చింది. అదే ఆమె పళ్ళు కనపడేలా నవ్వడం ఆఖరు. ఆ తర్వాత చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడటం అలవాటైంది. అది ఎంత అలవాటంటే, చీకట్లో ఒంటరిగా తనలో తను మాట్లాడుకునేటప్పుడు కూడా చెయ్యి నోటి మీదికి వెళ్ళేది.

ఆమె పెద్ద తరగతులకు వచ్చాక నీటి శాఖ నుంచి ఇద్దరు మనుషులు వచ్చి వీధిలోని పంపులన్నిటి దగ్గరా సీసాలు పట్టుకుపోయారు. కొన్నాళ్ళకు ఎర్రరంగు డబ్బాతో తిరిగొచ్చి, డ్రైవరు పంపుకూ ఇంకో రెండిటికీ మొత్తం రంగు పూసి, "ఈ నీళ్ళు తాగొద్దండీ. గిన్నెలు తోముకోండి, బట్టలుతుక్కోండి, తాగడం మాత్రం వద్దు" అని చెప్పిపోయారు. మిగతా ఇద్దరూ విన్నారు. బండిమీద వచ్చే ఫిల్టరు నీళ్ళకు మారారు. డ్రైవరు డిపోలో మిగిలిన ఆకుపచ్చ రంగు తెచ్చి, చక్కగా రెండు పూతలు వేశాడు.

"ఎరుపు చూసి ఆగాల్సింది బస్సు. పంపు ఎందుకాగుతుంది?" అన్నాడు. తన హాస్యానికి తనే నవ్వుకున్నాడు.

చదువు ఆపాక ఆమె బజారులో పెద్ద చెప్పుల షాపులో చేరింది. ఆ పనిలో ఆమెకు చెయ్యి తిరగడానికి ఎంతోకాలం పట్టలేదు. పాదం చూసి సైజు చెప్పేది, తొడుక్కున్నవాళ్ళకు బిగువో వదులో అడక్కుండానే తెలుసుకునేది. పీట మీద కూర్చుని, తల వంచుకుని, ఎదుటివాళ్ళ పాదాలతో పని. నోరు తెరవాల్సిన అవసరం పెద్దగా లేదు. హాయిగా ఉందనుకుంది. కానీ పిల్లాడికి బూట్లు కొనడానికి వచ్చిన ఒకావిడ, తుప్పు ఏదో చెప్పబోతుంటే పిల్లాడి కాలు చటుక్కున వెనక్కి లాక్కుని మేనేజరు దగ్గరికి వెళ్ళింది.

"ఆ అమ్మాయి నోటికేమన్నా జబ్బాండీ? పిల్లలున్నచోట అలాంటివాళ్ళని ఎలా పెట్టుకుంటారు?"

మేనేజరు చెడ్డవాడేం కాదు. ఆ సాయంత్రం తుప్పును పక్కకు పిలిచి, "నీ మంచికే చెప్తున్నానమ్మా, నిన్ను ఎవరూ ఏమీ అనకుండా ఉండేచోటికి మారుస్తున్నా" అన్నాడు. ఆ చోటు షాపు మీది గది. రేకుల కప్పు, కిటికీ లేదు, నాలుగు వైపులా చెప్పుల డబ్బాలు. నేలలో నలుచదరపు కంత. కింద నుంచి సేల్స్‌మన్ తలెత్తి, "నల్లది, కట్టుబూటు, ఏడు!" అని అరుస్తాడు. ఆమె వెతికి కంతలోంచి డబ్బా వదులుతుంది. అతను పట్టుకుంటాడు. కొనేవాళ్ళకు కనిపించేవి రెండు చేతులు మాత్రమే. ఎండాకాలం ఆ గదిలో జిగురు కరిగే వాసనకు తల తిరిగేది. అక్కడ ఆమె చెయ్యి అడ్డం పెట్టుకోవాల్సిన పని లేకుండా పోయింది. మాట్లాడటానికి మనిషే లేడు.

ఈలోగా డ్రైవరుకు మెడ పట్టేసింది. ముందు పొద్దున్నపూట బిగుసుకునేది, తర్వాత పగలంతా. అద్దంలో చూసుకుంటూ నెట్టుకొచ్చాడు కానీ, ఒకరోజు డిపోలో బస్సు వెనక్కి తీస్తూ, తల తిప్పలేక, కండక్టరు ఈల ఊదుతున్నా ఆపలేక, గోడను గుద్దేశాడు. గోడకూ బస్సుకూ మధ్య ఎవరూ లేకపోవడం ఆయన అదృష్టం. ఆసుపత్రికి పంపారు. కూతురు తోడు వెళ్ళింది.

డాక్టరు ఎక్స్‌రే వెలుగుకు పెట్టి చాలాసేపు చూశాడు. వెన్నుపూసలు మామూలు కంటే తెల్లగా, లావుగా, ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి.

"ఇంట్లో తాగేది ఏ నీళ్ళు?"

"బోరు. మా సొంత బోరు" అన్నాడు డ్రైవరు గర్వంగా.

డాక్టరు కూతురి వైపు తిరిగి, "ఏదీ, నోరు తెరువమ్మా" అన్నాడు. ఆమె చెయ్యి తీసింది. ఆయన నిట్టూర్చాడు. "మీ నాన్న వెన్నులో ఉన్నదేదో నీ పళ్ళ మీద ఎప్పుడో రాసిపెట్టి ఉంది. ఎవరూ చూడలేదా? ఈ నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. అది చిన్నప్పుడు పళ్ళని పట్టుకుంటుంది, పెద్దయ్యాక ఎముకల్ని."

"ఇప్పుడు నీళ్ళు మారిస్తే?"

"పళ్ళు మారవు. బిగిసిన ఎముక వంగదు. కానీ ముదరకుండా ఉంటుంది, నొప్పి తగ్గొచ్చు. ఇవాళే మార్చండి."

డ్రైవరు ఒళ్ళంతా తిప్పి డాక్టరుకేసి చూశాడు. తల ఒక్కటే తిప్పడం ఆయనకు రాదిక.

"మా అన్నయ్య గానీ వచ్చి మీకు చెప్పి వెళ్ళాడా?"

ఉద్యోగం పోయింది. నీళ్ళు మాత్రం మారలేదు. అప్పటికి తల్లి పరిస్థితి ఇంకా అన్యాయంగా ఉంది. కూర్చుంటే లేవలేదు, చెయ్యెత్తి జుట్టు దువ్వుకోలేదు. తుప్పు తన జీతంలోంచి ఫిల్టరు నీళ్ళ క్యాను కొని, భుజాన మోసుకుని ఇంటికి తెచ్చింది. తండ్రి గుమ్మంలోనే ఎదురయ్యాడు.

"అదేంటి?"

"అమ్మకి."

"బయటి నీళ్ళు నా ఇంట్లోకి రావు. చెప్పానా లేదా?"

క్యాను లాక్కుని, మూత పీకి, వీధిలోకి కాలితో తన్నాడు. అది గుడగుడమని నీళ్ళు కక్కుకుంటూ వాలుగా దొర్లిపోయింది. పిల్లలు దాని వెంట పరిగెత్తారు. లోపల మంచం మీంచి తల్లి, "వద్దులేమ్మా, ఈ వయసులో నాకు ఏ నీళ్ళైతే ఏంటి" అంది.

వానలు పడకముందే ఆమె స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. మళ్ళీ లేవకుండానే పోయింది. చూడవచ్చినవాళ్ళందరి దగ్గరా డ్రైవరు ఒకటే మాట: "నీళ్ళూ గీళ్ళూ ఏం కాదు. జారిపడింది. ఎవరు జారిపడరు?" తుప్పు ఆ మాట ప్రతిసారీ విన్నది. ఒక్కసారీ అడ్డు చెప్పలేదు.

రెండు వానాకాలాలు గడిచేసరికి ఆయనా మంచం పట్టాడు. వీపు చెక్కలా బిగిసిపోయింది. లేపాలన్నా, పడుకోబెట్టాలన్నా, పక్కకు దొర్లించాలన్నా కూతురే. ఇక ఇంట్లో ఆయన మాట చెల్లడం ఆగిపోయింది. తుప్పు క్యాను కొనితెచ్చి, ఆయన చూస్తుండగానే తన గదిలోకి తీసుకుపోయింది. తలుపుకు తాళం వేసి చెవి నడుముకు దోపుకుంది. తను ఆ నీళ్ళే తాగేది. ఆయనకు మాత్రం పంపు కొట్టి తెచ్చిచ్చేది.

ఆ ఒక్క విషయంలో తప్ప ఆమె సేవలో వంక పెట్టడానికి ఉండేది కాదు. ఒళ్ళు తుడిచేది, గోళ్ళు తీసేది, వేళకు మాత్ర మింగించేది, పుండ్లు పడకుండా గంటకోసారి పక్కకు తిప్పేది. షాపుకు వెళ్ళేముందు పక్కింటావిడకు అప్పజెప్పి వెళ్ళేది. "కొడుకులున్నా ఇలా చూసేవాళ్ళు కాదమ్మా" అని వీధంతా మెచ్చుకునేది. తాళం సంగతి వీధికి తెలియదు. తండ్రికి తెలుసు. మంచం మీంచి ఆయన కళ్ళకు సూటిగా కనిపించేది ఆ తలుపే.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం, సెలవురోజు, ఆయన "అమ్మా" అని పిలిచాడు. కూతుర్ని ఎప్పుడూ అలా పిలిచినవాడు కాదు.

"ఏం కావాలి?"

"ఆ గదిలో నీళ్ళు ఒక గ్లాసు ఇవ్వు."

"ఏ నీళ్ళు?"

"అవే, క్యానువి. నొప్పి తగ్గుతుందని డాక్టరన్నాడుగా."

"అవి బయటి నీళ్ళు నాన్నా. అవి మన ఇంట్లోకి రావు" అంది.

పెరట్లోకి వెళ్ళి, చల్లటి నీళ్ళు వచ్చేదాకా పంపు కొట్టి, గ్లాసు తొణక్కుండా తెచ్చింది. ఆయన తల కింద చెయ్యి పెట్టి, నొప్పి పుట్టకుండా ఎత్తింది.

"తాగు. ఇవి మన నీళ్ళు."

ఆయనకు అర్థమైంది. కళ్ళు ఒక్కసారి పెద్దవై, మళ్ళీ చిన్నవయ్యాయి. తాగాడు.

"ఇంకోటి" అంది ఆమె, లేస్తూ.

ఆ ఎండాకాలం అలా గడిచింది. రాత్రిళ్ళు ఆయన మూలిగేవాడు. ఆమె లేచి, వీపు రాసి, మందు వేసేది. ఆ మందు మింగడానికి మళ్ళీ పంపునీళ్ళే. తను చేస్తున్నదేమిటో ఆమెకు తెలియక కాదు. డాక్టరు మాట అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. ఒక్కోరోజు షాపులో, కంత పక్కన కూర్చుని, ఇవాళ ఇంటికెళ్ళి తాళం తీసేస్తాను అనుకునేది. ఇంటికి రాగానే బొమ్మ మీద కక్కుకున్న పిల్ల కళ్ళముందు నిలబడేది. మంచం మీద దువ్వెన అందుకోలేని అమ్మ కనపడేది. తాళం తీయాలనిపించేది కాదు.

చలికాలం ముందు పెదనాన్న వచ్చాడు. కర్ర పట్టుకుని, రొప్పుతూ, మర పిండి ఊపిరితిత్తుల్లోకి పోయి పడ్డ దగ్గుతో. వెంట అక్క ఉంది. తలుపు పూడ్చాక ఆయన ఆ ఇంట్లో కాలు పెట్టడం అదే మొదలు. తమ్ముడి భార్య పోయినప్పుడు కూడా వీధిలో నిలబడి వెళ్ళిపోయాడు. మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

"బావి ఎలా ఉందన్నయ్యా?" అన్నాడు డ్రైవరు. అన్నేళ్ళ తర్వాత మొదటి మాట అదే.

"ఏ బావి?"

"మన బావి."

"అది పూడ్చేసి చాలా కాలమైందిరా! పక్కవాళ్ళు మురుగ్గుంత తవ్వితే బావిలోకి ఊట దిగింది. నీళ్ళు కంపు. దీనికి పచ్చకామెర్లొచ్చి చచ్చి బతికింది. అప్పట్నుంచీ మేం బండి నీళ్ళే కొనుక్కుంటున్నాం. నీకు తెలియదూ?"

"ఎవరు చెప్తారు?"

పెద్దాయన కర్రతో నేల మీద గీతలు గీశాడు. "తాళంచెవి నువ్వడుగుతావనుకున్నారా. అడిగితే అప్పుడే ఇచ్చేద్దామనుకున్నా. నెలల తరబడి చొక్కా జేబులోనే పెట్టుకుని తిరిగాను."

"నువ్వొచ్చి ఇస్తావనుకున్నా నేను."

"అడగాలిగా."

"ఇవ్వాలిగా."

ఇద్దరి గొంతుల్లోనూ పాత పౌరుషం ఇంకా కొంచెం మిగిలే ఉంది. అంతలో చిన్నాయన కళ్ళు నిండాయి. తల పక్కకు తిప్పుకోలేడు కాబట్టి కన్నీళ్ళు కణతల మీంచి జారి చెవుల్లోకి పోయాయి. తుడుచుకోవడానికి చెయ్యి అంత పైకి రాలేదు. పెద్దాయన చూస్తూ కూర్చున్నాడు తప్ప తుడవలేదు. తుప్పే తువ్వాలుతో చెవులు తుడిచింది.

వాళ్ళు వెళ్ళాక ఆమె గది తాళం తీసింది. ఎందుకు తీసిందో ఆమెకే సరిగ్గా తెలియదు. అమ్మ ఎముకలూ తన పళ్ళూ ధారపోసి నాన్న నిలబెట్టుకున్న పంతం, ఎవరూ తాగని బావి మీదనా? క్యాను వంచి గ్లాసు నింపి, ఆయన పెదవులకు అందించింది.

"ఏ నీళ్ళు?"

"క్యానువి. తాగు."

ఆయన ఒక గుక్క నోట్లో పోసుకుని, పుక్కిలించినట్టు అటూ ఇటూ తిప్పి, గుడ్డలోకి ఊసేశాడు.

"ఇదేంటే, చప్పగా. నాలిక్కి తగలడం లేదు. ఇవి తాగితే దప్పిక తీరుతుందా? మన నీళ్ళు పట్టుకురా."

ఆమె ఆయన కళ్ళలో వెతికింది, వెక్కిరింపేమన్నా ఉందా అని. లేదు. ఆయనకు నిజంగానే దాహంగా ఉంది. నిజంగానే ఆ ఉప్పటి నీళ్ళే కావాలి. నెలలుగా ఆమె శిక్షగా పోసిందాన్ని ఆయన ఇష్టంగా అడుగుతున్నాడు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఆయన మీద అంత కోపం అంతకుముందెప్పుడూ రాలేదు. బతిమాలింది, కసిరింది, మందని చెప్పి మభ్యపెట్టబోయింది. ఒక్క గుక్కతో పట్టేసేవాడు. పట్టేసి ఊసేసేవాడు. చివరికి మళ్ళీ పంపు దగ్గరికే పోవాల్సి వచ్చింది.

చలి ముదిరాక ఒక తెల్లవారుజామున ఆయన పోయాడు. పడుకోబెట్టినవాళ్ళు ఒంటిని తిన్నగా చెయ్యలేకపోయారు. మెడ కింద గుడ్డలు మడిచి పెట్టాల్సి వచ్చింది.

కొన్నాళ్ళకు అక్క వచ్చింది. ఇద్దరూ పెరటి మెట్ల మీద కూర్చున్నారు. బాబాయి పోయేముందు వారం తను చూడవచ్చినప్పుడు ఆయనే చెప్పాడట, గది తాళం సంగతి. ఫిర్యాదుగా కాదు, ఏదో ముచ్చట చెప్పినట్టు. అక్క అడిగింది.

"ఆయన అంతలా మూలుగుతుంటే నీకేమీ అనిపించలేదా?"

"అనిపించింది."

"మరి?"

"అనిపించిన రోజు రెండో గ్లాసు కూడా తాగించేదాన్ని" అంది తుప్పు. చెయ్యి అడ్డం పెట్టుకోకుండానే అంది.

అక్క మొహం పాలిపోయింది. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. తుప్పు కూడా వెళ్ళలేదు.

ఆ వారం ఆమె షాపుకు కాస్త ముందుగా వెళ్ళి మేనేజరు ఎదుట నిలబడింది. కింద పని ఇమ్మని అడిగింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని, "ఇప్పుడెందుకమ్మా, పైన అలవాటైపోయావుగా. ఎక్కడి డబ్బా ఎక్కడుందో నీకు తప్ప ఎవరికి తెలుసు?" అన్నాడు. ఆమె తల ఊపింది.

"అయితే ఫ్యానన్నా వేయించండి. చచ్చిపోతున్నా" అంది.

ఆయన తలెత్తి చూశాడు. ఆమె అక్కణ్ణుంచి కదల్లేదు. నెల తిరక్కుండానే పైగదికి ఫ్యాను వచ్చింది. పాతది, తిరిగేటప్పుడు కిర్రుమంటుంది. దాని చప్పుడులో కింద సేల్స్‌మన్ అరుపు సరిగ్గా వినపడదు. రెండుసార్లు అరిపించుకుని గానీ ఆమె డబ్బా వదలదు.